అదను – పదును – లినక్స్ కూర్పు

రాయలసీమ మెట్ట సేద్యంలో విత్తనం చేతికి తీసుకొనే ముందు రైతు రెండు విషయాలు చూస్తాడు. మొదటిది నేల, రెండవది అదను. పత్తికొండ ప్రాంతపు ఎర్రనేలలలో తొలకరి పదునుకు వేరుశనగ వేస్తారు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడిలో వానాకాలపు తేమ నేలలో నిలిచిన తరువాత, అక్టోబరు–నవంబరు నెలలలో శనగ విత్తుతారు. విత్తనం ఎంత మేలైనదైనా తనది కాని నేలలో, అదను తప్పిన వేళ పడితే పంట చేతికి రాదు.

కంప్యూటరులో లినక్స్‌ను కొత్తగా స్థాపించబోయే విద్యార్థి తెలుసుకోవలసినవి కూడ ఈ రెండే. తన యంత్రం ఎటువంటిది? తాను ఎంచుకొన్న లినక్స్ కూర్పు ఎప్పటిది? చాలామంది ఈ రెండింటినీ విడిచిపెట్టి, ‘లినక్స్‌లన్నింటిలోను మంచిది ఏది?’ అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు సమాధానం లేదు. ఏ నేలకు అన్నది చెప్పకుండా మంచి విత్తనం ఏదని అడగడం వంటిదే అది.

ప్రొద్దుటూరు పరిసరాలలోని ఒక ఇంటిని ఊహించవచ్చు. ఆ ఇంట్లో అక్క ఇంటర్మీడియట్ చదువుతున్నది. పట్టణంలో డీటీపీ దుకాణం నడిపే మేనమామ తన పాత డెస్క్‌టాప్ కంప్యూటరును, దానితోపాటు ఒక లేజర్ ప్రింటరును ఆమెకు ఇచ్చాడు. ఆ కంప్యూటరు 2012 నాటిది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, ఆ సంస్థ ఆమోదించిన ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు వచ్చిన ప్రాసెసర్లలో అధికభాగం ఆ జాబితాలో లేవు. కనుక ఆ యంత్రం పాత ఇనుము కొనేవారి బండి ఎక్కకుండా ఉండాలంటే దానికి మరొక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. తమ్ముడి దగ్గర 2024లో కొన్న కొత్త ల్యాప్‌టాప్ ఉన్నది. బంధువుల అబ్బాయి ఒకడు ఉబుంటు 20.04 ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చిపోయాడు.

అక్క కంప్యూటరులో ఆ పెన్‌డ్రైవ్ చక్కగా పనిచేసింది. తెర, శబ్దం, నెట్‌వర్కు తీగ అన్నీ పలికాయి. అదే పెన్‌డ్రైవ్‌ను తమ్ముడు తన ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే తెర వచ్చింది కాని వైఫై కనిపించనే లేదు. ఖరీదైన యంత్రంలో పని చేయనిది పాత డబ్బాలో ఎలా పని చేసింది? లోపం పెన్‌డ్రైవ్‌లోనూ లేదు, ల్యాప్‌టాప్‌లోనూ లేదు. ఉన్నది తేదీలలో. ఉబుంటు 20.04 మొదట వెలువడినది 2020 ఏప్రిల్‌లో. దానిలోని కెర్నల్ 5.4 అంతకుముందే, 2019 నవంబరులో తయారయింది. ఆ తరువాత పుట్టిన వైఫై చిప్ సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు.

ఈ ‘తెలియడం’ అంటే ఏమిటో కొంత వివరంగా చూడవలసి ఉన్నది. లినక్స్ అని వాడుకలో పిలిచే వ్యవస్థకు నడుమ ఉన్న గింజ వంటి భాగం కెర్నల్. ప్రోగ్రాములకు, యంత్రభాగాలకు మధ్య నిలిచి రెండింటికీ మాట కలిపేది అదే. హార్డ్‌డిస్కు, తెర, వైఫై చిప్ ఒక్కొక్కటి ఒక్కొక్క భాషలో మాట్లాడుతుంది. ఆ భాష తెలిసిన దుబాసీ వంటి చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. విండోస్‌లో డ్రైవర్లు యంత్రంతోపాటు వచ్చే డిస్కులోనో, తయారీదారు అందించే ఫైలులోనో ఉండడం పరిపాటి. లినక్స్‌లో వాటిలో అత్యధికం కెర్నల్‌లోనే కలిసి ఉంటాయి. అందువలన చాలా పరికరాలు తగిలించిన వెంటనే పనిచేస్తాయి. అయితే దీనికి రెండవ వైపు కూడ ఉన్నది. కెర్నల్‌లో డ్రైవర్ లేని పరికరానికి డిస్కు కోసం పెట్టె వెదికినా లాభం ఉండదు. ఆ డ్రైవర్ చేరిన కొత్త కెర్నల్ రావాలి.

డ్రైవర్ ఎలా పుడుతుంది? ఎవరి దగ్గరనో ఆ పరికరం ఉండాలి, దాని భాష తెలియాలి, రాసే ఓపిక ఉండాలి. లినక్స్ పుట్టుకలోనే ఈ సంగతి కనబడుతుంది. 1991 ఆగస్టు 25న ఫిన్లండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి, ఇరవై ఒక్క ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్ తన ప్రయత్నాన్ని లోకానికి తెలియజేశాడు. తన దగ్గర ఉన్నది ఇంటెల్ 386 ప్రాసెసర్ గల యంత్రం. అది ఏటీ రకపు హార్డ్‌డిస్కులను తప్ప వేరొకదానిని బహుశా ఎన్నటికీ నడపలేదని, తన దగ్గర ఉన్నది అంతేనని ఆ ప్రకటనలోనే చెప్పుకొన్నాడు. ఆ జోస్యం తప్పింది. ప్రపంచం నలుమూలల నుండి తమ తమ యంత్రాలకు కావలసిన డ్రైవర్లను ఎవరికి వారు రాసి పంపడం మొదలుపెట్టారు. పరికరాల తయారీ సంస్థల ఉద్యోగులు కూడ క్రమంగా వారిలో చేరారు.

అన్ని సంస్థలూ ఒకే తీరుగా చేరలేదు. బ్రాడ్‌కామ్ సంస్థ వైఫై చిప్పులు 2000 దశకపు ల్యాప్‌టాప్‌లలో విరివిగా ఉండేవి. వాటి వివరాలను ఆ సంస్థ బయటపెట్టలేదు. చిప్ ఏ సంకేతానికి ఏమి చేస్తున్నదో బయటినుండి గమనించి, పరభాషను నిఘంటువు లేకుండా నేర్చుకొన్నట్లు నేర్చుకొని, స్వచ్ఛంద ప్రోగ్రామర్లు డ్రైవర్ రాశారు. అది 2006 జూన్‌లో వెలువడిన 2.6.17 కెర్నల్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో ఆ సంస్థయే కొన్ని కొత్త చిప్పులకు బహిరంగ డ్రైవర్‌ను విడుదల చేసింది. ఈ మధ్యకాలంలో అటువంటి ల్యాప్‌టాప్ కొన్న కొత్తవారు ఎందరు లినక్స్‌ను తిట్టుకొని వదిలివేసి ఉంటారో లెక్క తెలియదు. ఆ తిట్లు చేరవలసిన చిరునామా మాత్రం వేరు.

మేనమామ ఇచ్చిన ప్రింటరు సంగతి ఇంకొక రకం. కార్యాలయాలలో, జిరాక్స్ దుకాణాలలో తరచుగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అనుకొందాం. ఆ ప్రింటరు తన పని తీరుకు సంబంధించిన ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామును శాశ్వతంగా దాచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరు దానిని ప్రింటరులోకి పంపాలి. హెచ్‌పీ సంస్థ లినక్స్ కోసం హెచ్‌పీలిప్ అనే మంచి డ్రైవర్ల సంపుటిని బహిరంగంగానే అందిస్తున్నది కాని, ఈ ప్రింటరు కోసం అదనంగా ఒక మూసి ఉన్న భాగాన్ని దింపుకోవలసి ఉంటుంది. ఇది తెలియనివారికి ప్రింటరు పేరు తెరపై కనిపిస్తుంది, కాగితం మాత్రం కదలదు. కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడుతుంది. దానికి ఆ సంస్థ వేరుగా ఇచ్చిన డ్రైవర్‌ను వెదికి పెట్టుకోవడం కొత్తవారికి సులభం కాదు. ముద్రణ యంత్రాలకు, ఈ ఉద్యమానికి పాత సంబంధమే ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కాగితం తరచు ఇరుక్కుపోయే ఒక జిరాక్స్ లేజర్ ప్రింటరు ఉండేది. దాని మూల ప్రోగ్రాము చేతికి రాక, సరిదిద్దుకొనే వీలు లేక విసిగిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. నేటి లినక్స్ వ్యవస్థలలోని అనేక మౌలిక ఉపకరణాలు ఆ ప్రణాళిక నుండి వచ్చినవే.

పరికరాలకు కూడ కూర్పులు ఉంటాయన్న మాట కొత్తవారిని ఆశ్చర్యపరచవచ్చు. టీపీ-లింక్ సంస్థవారి టీఎల్-డబ్ల్యుఎన్722ఎన్ అనే యూఎస్‌బీ వైఫై పరికరం ఇందుకు మంచి ఉదాహరణ. పెట్టెపై పేరు ఒకటే. మొదటి కూర్పులో ఉన్నది ఎథెరాస్ సంస్థ చిప్. రెండవ కూర్పు నుండి రియల్‌టెక్ చిప్ వచ్చింది. మొదటిది లినక్స్‌లో హాయిగా నడిచేది. ఆ పేరు విని రెండవదాన్ని కొన్నవారు చిక్కుల్లో పడ్డారు. కాబట్టి దుకాణంలో అడగవలసినది పరికరం పేరు మాత్రమే కాదు, లోపలి చిప్ పేరు. ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’, ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అనే రెండు చిన్న ఆదేశాలు కంప్యూటరులోని చిప్పుల జాబితాను చూపుతాయి. లినక్స్ నేర్చుకొనేవారు మొట్టమొదట కంఠస్థం చేయవలసిన మాటలు ఇవి.

ఇక అదను సంగతి. కెర్నల్ కొత్త కూర్పు తొమ్మిది, పది వారాలకు ఒకటి చొప్పున వస్తుంది. సామాన్యుడు దానిని నేరుగా వాడడు. కెర్నల్‌కు తెరపై కనిపించే హంగులను, కార్యాలయ ప్రోగ్రాములను, బ్రౌజరును చేర్చి, పరీక్షించి, ఒక మూటగా కట్టి ఇచ్చేవే ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి పంపిణీలు. వీటి నడకలు వేరు వేరు. ఫెడోరా ఆరు నెలలకొక కూర్పు ఇస్తుంది, ఒక్కొక్కదానిని సుమారు పదమూడు నెలలు పోషిస్తుంది. కొత్తదనం కోరే వారికి అది తగినది, ఏటేటా మార్చుకొనే ఓపిక లేనివారికి కాదు. డెబియన్ సిద్ధమైనప్పుడే బయటకు వస్తుందన్న పేరు తెచ్చుకొన్నది. 2002 జూలైలో 3.0 కూర్పు వచ్చిన తరువాత 3.1 రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. ఆ మూడేళ్లలో కొత్త యంత్రం కొన్నవారికి ఆ నిదానం శిక్షగానే తోచింది. తరువాతి కాలంలో డెబియన్ దాదాపు రెండేళ్లకు ఒకటి చొప్పున వస్తున్నది.

ఉబుంటు మొదటి కూర్పు 2004 అక్టోబరులో వచ్చింది. దాని సంఖ్య 4.10. చుక్కకు ముందు సంవత్సరం, తరువాత నెల. ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి వెలువడడం నియమం. వీటిలో సరిసంఖ్య సంవత్సరపు ఏప్రిల్ కూర్పుకు దీర్ఘకాలిక మద్దతు ఉంటుంది. నేడు అది ఐదేళ్లు. మిగిలిన మధ్యంతర కూర్పులకు తొమ్మిది నెలలు మాత్రమే. దీర్ఘకాలిక మద్దతుతో మొదట రావలసిన 6.04 రాలేదు. ఇంకా మెరుగుపరచవలసి ఉన్నదని ఆరు వారాలు ఆపి 2006 జూన్ 1న 6.06గా విడుదల చేశారు. తేదీ కోసం నాణ్యతను బలిపెట్టకపోవడం వలన ఆ కూర్పుకు మంచి పేరు వచ్చింది. 2024లో కూడ ఇటువంటిదే జరిగింది. 24.04 ఏప్రిల్ 25న వచ్చింది. దాని మొదటి సవరణ 24.04.1 ఆగస్టు 15న రావలసి ఉండగా, పాత కూర్పు నుండి మారేవారికి ఎదురయ్యే లోపాల కారణంగా ఆగస్టు 29కి వాయిదా పడింది. దీర్ఘకాలిక కూర్పు నుండి తరువాతి దీర్ఘకాలిక కూర్పుకు మారమని ఉబుంటు తానుగా సూచించేది ఈ మొదటి సవరణ తరువాతనే. తొలి చినుకు పడగానే విత్తక, పదును చూసి విత్తే రైతు ఈ జాగ్రత్తను మెచ్చుకొంటాడు.

సవరణ కూర్పులలో మరొక ప్రయోజనం ఉన్నది. రెండవ సవరణ నుండి స్థాపన డిస్కులో కొత్త కెర్నల్‌ను చేరుస్తారు. ఉదాహరణకు ఉబుంటు 22.04 వచ్చినప్పుడు దానిలో ఉన్నది కెర్నల్ 5.15. అదే 22.04.5 నాటికి 6.8 వచ్చింది. పైకి అదే ఇల్లు, అడుగున కొత్త పునాది. కనుక ఒక పంపిణీ పేరు మాత్రమే చెప్పి ‘ఇది నా యంత్రంలో నడవలేదు’ అనడం అసంపూర్ణం. ఏ సవరణ, ఏ కెర్నల్ అన్నది చెప్పనంత వరకు ఆ మాటకు విలువ లేదు. తమ్ముడు చేయవలసినది ఇంతే. పాత పెన్‌డ్రైవ్‌ను చెరిపి, తన ల్యాప్‌టాప్ కంటే తరువాత పుట్టిన కెర్నల్ ఉన్న సవరణను దింపుకోవాలి. 24.04.3లో ఉన్నది కెర్నల్ 6.14. అది 2025లో వెలువడినది కనుక ఆ వైఫై చిప్ దానికి తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. పెన్‌డ్రైవ్‌ను మార్చవలసిన కారణం మరొకటి ఉన్నది. 20.04కు సాధారణ మద్దతు 2025 మేలో ముగిసింది. అక్క కంప్యూటరులో అది చక్కగా నడుస్తున్నా, భద్రతా సవరణలు ఆగిపోయిన కూర్పుతో బ్యాంకు పని చేయడం మంచిది కాదు.

అలాగని కొత్తది ఎప్పుడూ పాత యంత్రానికి హితమే అనుకోరాదు. లినక్స్ పుట్టినది 386 ప్రాసెసర్‌పైన అని పైన చెప్పుకొన్నాం. ఆ 386కు మద్దతును 2012 డిసెంబరులో తొలగించారు. 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నల్ నుండి లినక్స్ తాను పుట్టిన యంత్రంపై నడవదు. తనకు దానిపై మమకారమేమీ లేదని టోర్వాల్డ్స్ ఆ సందర్భంలో నిర్మొహమాటంగా చెప్పాడు. పాత ప్రాసెసర్ కోసం నిలుపుకొన్న ప్రత్యేక ఏర్పాట్లు కొత్త పనికి ప్రతిసారీ అడ్డు తగులుతాయి. వాటిని పరీక్షించడానికి ఆ యంత్రాలు కూడ ఎవరివద్దా మిగలవు. 32 బిట్ యంత్రాల వంతు తరువాత వచ్చింది. ఉబుంటు 2017 అక్టోబరు నాటి 17.10 నుండి డెస్క్‌టాప్‌కు 32 బిట్ డిస్కును మానివేసింది. డెబియన్ ఇంకా కొంతకాలం ఓర్చుకొని, 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ కూర్పులో ఆ యంత్రాలకు స్థాపన సదుపాయాన్ని నిలిపివేసింది. కాబట్టి కళాశాల గదుల మూలల్లో దుప్పటి కప్పి ఉంచిన 2003 నాటి పెంటియం యంత్రానికి డెబియన్ 12 వంటి వెనుకటి కూర్పే గతి. అక్క కంప్యూటరు 2012 నాటిది కనుక 64 బిట్ అయి ఉండడం దాదాపు నిశ్చయం. దానికి అడ్డు ప్రాసెసర్ కాదు, జ్ఞాపకశక్తి. 4 జీబీ మాత్రమే ఉంటే జుబుంటు, లుబుంటు వంటి తేలికపాటి కూర్పు మేలు.

స్థాపించక ముందే ఇదంతా పరీక్షించుకొనే మార్గం ఉన్నది. పెన్‌డ్రైవ్ నుండే లినక్స్‌ను నడిపి, హార్డ్‌డిస్కును తాకకుండా వైఫై, శబ్దం, తెర వెలుతురు, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచినప్పటి తీరు, అన్నింటినీ ఒక గంటసేపు చూడవచ్చు. ప్రింటరులో ఒక పుట ముద్రించి కూడ చూడవచ్చు. ఉబుంటులో ఇలా నడుస్తున్న డిస్కు నుండే స్థాపించే సదుపాయం 6.06తో వచ్చింది. ఆ రోజులలో డిస్కు సంపాదించడమే ఒక పని. 700 ఎంబీల సీడీని 56 కేబీపీఎస్ టెలిఫోను మోడెముపై దింపుకోవాలంటే తీగ పూర్తి వేగంతో పనిచేసినా దాదాపు 28 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మొదటికి వచ్చేది. కనుక రాయలసీమ పట్టణాలలోని ఆసక్తిపరులు పత్రికలతో వచ్చే సీడీలపై, ఉబుంటు వెనుక ఉన్న కానానికల్ సంస్థ అడిగినవారికి తపాలాలో ఉచితంగా పంపిన సీడీలపై ఆధారపడవలసి వచ్చేది. ఆ తపాలా సేవ 2011 ఏప్రిల్‌లో ఆగింది. తపాలాలో చేరేసరికే మరొక కూర్పు వెలువడిన సందర్భాలు ఉంటాయి కాబట్టి అదను తప్పడం నాడు సహజం. నేడు చేతిలోని ఫోనుతోనే దింపుకోగలిగినా అదను తప్పుతున్నదంటే తేదీ చూడకపోవడమే కారణం.

తెలుగు విషయంలో కొత్తవారు భయపడనక్కరలేదు. ఆచార్య తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షర రూపాలు డెబియన్, ఉబుంటు భాండారాలలో స్వేచ్ఛగా లభిస్తాయి. కడప విశ్వవిద్యాలయానికి ఏ యోగి పేరు పెట్టుకొన్నారో ఆ వేమన పేరే ఒక అక్షర రూపానికీ ఉన్నది. ప్రభుత్వ రంగంలోని సీ-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ లినక్స్, తెలుగునాట స్వేచ్ఛ సంస్థ చేసిన తెలుగు లినక్స్ ప్రయత్నం ఇదే దిశలో వచ్చినవి. ఈ రెండింటిని ఎంచుకొనేవారు కూడ అడుగున ఉన్న కెర్నల్ ఎప్పటిదో చూసుకోవాలి. పేరు స్వదేశీ అయినంత మాత్రాన చిప్ దానిని గుర్తుపట్టదు.

డీటీపీ దుకాణాల సంగతి వేరు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు ఏండ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను లిపులలో తయారైనవి. అవి యూనికోడ్ కావు, విండోస్‌ను నమ్ముకొని పెరిగినవి. వాటిని లినక్స్‌లో తెరిచి అదే రూపంలో ముద్రించడం అంత తేలిక కాదు. మేనమామ దుకాణంలోని కొత్త కంప్యూటరుకు లినక్స్ పెట్టమని అక్క ఒత్తిడి చేస్తే అది ఆయనకు ఉపకారం కాజాలదు. అందరికీ లినక్స్ అన్న ఉత్సాహం, ఎవరికీ లినక్స్ వద్దన్న భయం రెండూ యంత్రం చూడకుండా చెప్పే మాటలే.

అక్కకు మిగిలిన పని ఒకటి ఉన్నది, అది అన్నింటికంటే ముందు చేయవలసినది. మేనమామ ఇచ్చిన హార్డ్‌డిస్కులో ఆయన దుకాణపు పాత ఫైళ్లు, బాకీల లెక్కలు, ఇంటి ఫోటోలు ఇంకా ఉన్నాయి. స్థాపన సమయంలో డిస్కు మొత్తాన్ని చెరపాలా అని తెరపై అడిగే ప్రశ్నకు ఒక్క నొక్కుతో అవన్నీ పోతాయి. డ్రైవర్ కోసం ఆరు నెలలు ఆగితే రావచ్చు కాని పోయిన ఫోటో ఏ కూర్పులోనూ తిరిగి రాదు. వేరొక డిస్కులోకి నకలు తీసి, ఆ నకలును ఇంకొక కంప్యూటరులో తెరిచి చూసి, ఆయనకు అప్పగించిన తరువాతనే పెన్‌డ్రైవ్ తగిలించాలి. ఆ పైన ప్రింటరు స్విచ్ వేసి, మూసి ఉన్న ఆ చిన్న భాగాన్ని దింపుకొని, ఒక తెలుగు పుట పంపి చూడాలి. పుట వస్తే సరే. రాకపోతే ప్రింటరు పూర్తి పేరు, కెర్నల్ సంఖ్య, తెరపై వచ్చిన సందేశం ఒక కాగితంపై రాసుకోవాలి. సహాయం చేయగలవారు మొదట అడిగేవి ఈ మూడే.